‘తోకచుక్క’ను రెండు రోజుల్లో ముగిస్తే చప్పగా కాక ఎలా ఉంటుంది?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు అడిగింది ఇదీ: వాళ్ళ నాన్నగారు పాత చందమామల్లోంచి పేజీలు విడదీసి బైండు చేయించిన ‘తోకచుక్క’ సీరియల్ ఇంట్లో ఉంది. పదేళ్ళప్పుడు అది చదివి రాత్రిళ్ళు లైటు ఆర్పనిచ్చేవారు కాదట. ఇప్పుడు నలభై దాటాక ఒక శని, ఆదివారాల్లో ఏకబిగిన చదివితే ‘ఇంతేనా?’ అనిపించింది. గుర్తున్న దృశ్యాల్లో సగం అందులో లేనేలేవు. తొమ్మిదేళ్ళ పాప ఉంది, ఇంగ్లీషు మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఆ అమ్మాయికి ఇది చదివి వినిపించాలా, వద్దా? పైగా పేజీ తిప్పితే కాగితం విరిగిపోతోంది, ఏం చెయ్యాలి?

వినిపించండి. మీకు చప్పగా అనిపించడానికి కారణం కథా కాదు, మీ వయసూ కాదు. మీరు చదివిన వేగం. అది నవల కింద రాసింది కాదు, నెలకొక ముక్క చొప్పున అందించడానికి రాసింది. దాన్ని రెండు రోజుల్లో తాగేశారు.

చందమామ 1947 జులైలో మద్రాసులో మొదలైంది. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళకు ‘తోకచుక్క’తో శ్రీకారం పడింది, 1950ల్లో. పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు కనుక, రాసిందెవరో తెలియకుండానే చదివి పెద్దవాళ్ళయిన పిల్లలు లెక్కలేనంతమంది. మీ బైండులో ఏదైనా ఒక భాగం తీసి దాని నిర్మాణం చూడండి. మొదట చదరపు బ్రాకెట్లలో నాలుగైదు వాక్యాల్లో జరిగిన కథ. తర్వాత, పోయిన నెల హీరోని ఏ గండంలో వదిలేశారో దాంట్లోంచి బయటపడెయ్యడం. ఆ తర్వాత కాస్త ప్రయాణం, ఒక కొత్త చోటు, ఒక కొత్త మనిషో మృగమో. చివర మళ్ళీ గండం, దాని కింద ‘ఇంకా ఉంది’. గండానికీ గట్టెక్కడానికీ మధ్య పాఠకుడికి ముప్ఫై రోజులు. ఆ ముప్ఫై రోజుల్లో బడిలో, వీధి అరుగు మీద జరిగే వాదులాటే ఆ సీరియల్‌లో సగం కథ. మీరు ఏకబిగిన చదివినప్పుడు మాయమైంది ఆ సగమే. మిగిలింది వరసగా గండాలు, వరసగా అదృష్టాలు. సమయానికి చెట్టుకొమ్మ విరగడం, సమయానికి ఎవరో బాణం వెయ్యడం నెలకొకసారైతే ‘అమ్మయ్య’ అనిపిస్తుంది. గంటలో నాలుగుసార్లైతే మోసం అనిపిస్తుంది.

కాబట్టి విడతలుగా చదవండి. నెలకొకటి అనను, ఈ కాలం పిల్లలకు నెల అంటే యుగం. వారానికి రెండు భాగాలు సరిపోతాయి, బుధవారం ఒకటి, శనివారం ఒకటి అనుకోండి. రోజూ చదివితే ఊహించడానికి వ్యవధి ఉండదు. వారానికొకటైతే మధ్యలో పరీక్షలో, పెళ్ళిళ్ళో వచ్చి తెగిపోతుంది. ఒక భాగం గట్టిగా చదవడానికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. పాప ‘ఇంకొక్కటమ్మా’ అంటుంది. అక్కడ లొంగిపోతే ఈ పద్ధతి మొత్తం పోయినట్టే. దానికి బదులు ఇద్దరూ చెరొక చీటీ మీద ‘వీడు ఎలా తప్పించుకుంటాడు’ అన్నది ఒకే వాక్యంలో రాసి ఒక ఖాళీ డబ్బాలో వెయ్యండి. తర్వాతి భాగం మొదలుపెట్టే ముందు తీసి చదవండి. చాలాసార్లు పాపే గెలుస్తుంది. పెద్దవాళ్ళు తర్కం వెతుకుతారు, పిల్లలు పోయిన భాగంలో కనబడ్డ వస్తువుల్ని గుర్తుపెట్టుకుంటారు. ఇలాంటి కథల్లో గండం గట్టెక్కించేది తర్కం కన్నా ఆ వస్తువులే.

ఇక గుర్తున్నవి కనబడకపోవడం. ఇది దాదాపు అందరికీ ఎదురయ్యేదే. ఈసారికి మీరు చదివేశారు కనుక కాస్త ఆలస్యమైంది కానీ, ఇంకో సీరియల్ మొదలెట్టే ముందు ఈ పని చెయ్యండి. పుస్తకం తెరవకుండా పది నిమిషాలు కూర్చుని గుర్తున్నదంతా ఒక కాగితం మీద రాయండి. పేర్లు, దృశ్యాలు, మాటలు, రంగులు, ఏ వరసలో వస్తే ఆ వరసలో. చదవడం పూర్తయ్యాక ఒక్కోదాని పక్కన గుర్తు పెట్టండి. కథలో దొరికితే ‘క’, బొమ్మలో మాత్రమే దొరికితే ‘బొ’, ఎక్కడా లేకపోతే ‘లే’.

‘బొ’ల సంఖ్య చూసి ఆశ్చర్యపోతారు. చందమామలో దాదాపు ప్రతి పేజీకీ బొమ్మ ఉండేది. పిల్లలు ముందు బొమ్మ చూస్తారు, తర్వాతే అక్షరాలు. ఈ సీరియళ్ళకు బొమ్మలు వేసింది ‘చిత్రా’ అనే చిత్రకారుడు. ఆయన బొమ్మల్లో మాంత్రికుడి వేలి కొసల నుంచి వెనకనున్న రాతి పగుళ్ళ దాకా దేనికదే కనబడుతుంది. వాక్యం ‘వాడు కోపంగా చూశాడు’ అని ఊరుకుంటుంది. ఆ కోపం మీ తలలో నిలిచిపోయింది చిత్రా గీత వల్ల. పెద్దయ్యాక మనం బొమ్మని దాటేసి వాక్యం వెంట పరిగెత్తుతాం కనుక సగం పుస్తకం చదవనట్టే. పేజీ తిప్పగానే ముందు బొమ్మ మీద అర నిమిషం ఆగండి. కొన్నిచోట్ల బొమ్మ కథ కన్నా ముందుంటుంది, రెండు పేరాల తర్వాత జరగబోయేది చూపించేస్తుంది. పాప అది పట్టేసి ‘నాకు తెలుసు, పాము వస్తుంది’ అంటే కాదనకండి. రంగుల మాటకొస్తే, ఆకుపచ్చ పొగ, ఎర్రటి కళ్ళు అని మీరు రాసిన వాటిల్లో చాలా భాగం మీ మనసు పూసుకున్నవే అయ్యుంటాయి. ఆ కాలపు లోపలి బొమ్మల్లో చాలావాటికి ఒకటి రెండు రంగులకు మించి ఉండేవి కావు.

‘లే’ పడ్డవాటికి మూడు మూలాలు వెతకండి. ఒకటి, వేరే సీరియల్. ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’ అన్నీ దాసరి వారివే, బొమ్మలు కూడా చాలావరకు చిత్రా వేసినవే. జ్ఞాపకంలో ఒకదాని కోటలోకి ఇంకొకదాని మాంత్రికుడు దూరిపోవడం చాలా మామూలు. రెండు, సినిమా. చందమామ నడిపిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే విజయా సంస్థ పెట్టి 1951లో ‘పాతాళభైరవి’ తీశారు. మీ జ్ఞాపకంలోని మాంత్రికుడు ఎస్.వి. రంగారావు గొంతుతో నవ్వుతున్నాడేమో ఒకసారి విని చూసుకోండి. మూడు, చెప్పినవాళ్ళు. నాన్నగారో తాతగారో చదివి వినిపిస్తూ సొంతంగా కలిపిన ముక్కలు. ఇవి ఏ ప్రతిలోనూ దొరకవు. పాపకు చెప్పేటప్పుడు వాటిని మళ్ళీ కలిపెయ్యండి, తప్పేం లేదు.

ఇంగ్లీషు పిల్లల నవలల విషయంలో ఇంకో చిక్కుంది. మనలో చాలామంది వాటిని స్కూల్లో నాన్‌డిటైల్డ్‌గా చదివాం. అంటే కుదించిన ప్రతి. అసలు పుస్తకం తెరిస్తే సగం కొత్తగా ఉంటుంది, అది మతిమరుపు కాదు. కొన్నిచోట్ల రచయితే మార్చేసి ఉంటాడు. టోల్కీన్ ‘ది హాబిట్’ 1937లో వచ్చినప్పుడు, చీకట్లో పొడుపుకథల పందెంలో గోలమ్ అనే ప్రాణి తన మాయ ఉంగరాన్ని తనంతట తానే బహుమతిగా ఒడ్డుతాడు. తర్వాతి పెద్ద నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’కు అది పొసగకపోవడంతో 1951 ముద్రణలో ఆ అధ్యాయం తిరగరాశాడు. కనుక జ్ఞాపకాన్ని అనుమానించే ముందు మీ చేతిలో ఉన్నది ఏ ముద్రణో చూడండి. ఇవి నెలవారీ ముక్కలు కావు, కాబట్టి వారానికి రెండు అన్న లెక్క వీటికి వర్తించదు. రాత్రికొక అధ్యాయం చాలు. ‘ది హాబిట్’ పంతొమ్మిది, ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ పన్నెండు.

మళ్ళీ మన పుస్తకానికొద్దాం. చదివి వినిపించేటప్పుడు మొదటి అడ్డంకి పేర్లు. హీరో సమరసేనుడు, మాంత్రికులు ఏకాక్షి, చతుర్నేత్రుడు. ఇంగ్లీషు మీడియం పిల్లలు ‘చతుర్నేత్రుడు’ దగ్గర ఆగిపోతారు. వత్తులు చూసి బెదిరి మొత్తం పేరే వదిలేసి ‘ఆ మాంత్రికుడు’ అనేస్తారు. అప్పుడు ఇద్దరు మాంత్రికులు ఒక్కడైపోయి కథ అర్థం కాదు. పేరుని విప్పి చూపించండి. కపిలతీర్థంలో అమ్మవారి పేరేమిటి? కామాక్షి. మదురైలో? మీనాక్షి. కాశీలో విశాలాక్షి. మూడింట్లోనూ చివరున్నది ‘అక్షి’, కన్ను. ‘ఏక’ ఒకటి. మరి ఏకాక్షికి ఎన్ని కళ్ళు? పాపే చెబుతుంది. తర్వాత ‘నేత్రం’ అన్నా కన్నే, ఊళ్ళో కంటి ఆసుపత్రుల బోర్డుల మీద ఉన్న మాటే. ‘చతుర్’ నాలుగు. ఒంటికన్ను వాడికీ నాలుగు కళ్ళ వాడికీ పగ అని తెలిశాక ఆ పేర్లు జన్మలో మరిచిపోదు. రెండు పేర్లూ ఒక కాగితం మీద పెద్దగా రాసి గోడకు అంటించండి, కళ్ళు పాపనే గియ్యమనండి.

రెండోది, బ్రాకెట్లలోని ‘జరిగిన కథ’ పాప చేత చదివించండి. నాలుగైదు వాక్యాలే. జరిగిందంతా ముందే తెలుసు కనుక మాట పోల్చుకోవడం తేలిక. కూడబలుక్కుని చదివే పిల్లకు ఇంతకంటే మంచి పాఠం పాఠ్యపుస్తకంలో దొరకదు. ఏకబిగిన చదివేటప్పుడు విసుగు తెప్పించిన ముక్కే ఇక్కడ అన్నిటికన్నా పనికొస్తుంది. మీ నాన్నగారి బైండులో అవి కత్తిరించకుండా ఉన్నాయంటే అదృష్టం. కొంతమంది బైండు చేయించేటప్పుడు ‘ఇదెందుకు’ అని తీయించేసేవారు.

భాష మామూలు వాడుక తెలుగే. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారు దాని భాష తేటగా ఉండాలని పట్టుబట్టిన మనిషి. కాబట్టి చదివేటప్పుడు వాక్యాలు మార్చాల్సిన పని రాదు. ఇబ్బంది పెట్టేది వస్తువుల పేర్లు. కందకం, బురుజు, ఒర, డాలు, లంగరు, చుక్కాని, తెరచాప. అర్థం చెబితే ఆ నిమిషానికి తల ఊపుతారు, మర్నాడు మర్చిపోతారు. చూపిస్తే ఉండిపోతుంది. కోట మాటలకు చంద్రగిరి ఉంది, మీకు అరగంట ప్రయాణం. కొండ కింద కోటగోడ వెంబడి నడిపించి బురుజు ఏది, కందకం ఆనవాలు ఏది చూపించండి. రాజమహల్ మూడంతస్తులూ ఎక్కి దిగాక ‘కోటలో చిక్కుకుపోయాడు’ అన్న వాక్యం వేరేగా వినబడుతుంది. లోపలి మ్యూజియానికి శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్ళండి. పడవ మాటలకు పులికాట్ సరస్సు. సూళ్ళూరుపేట వైపంతా 2022 నుంచి తిరుపతి జిల్లాలోకే వచ్చింది కదా. ఒడ్డున ఏ పడవ దగ్గరైనా చుక్కాని పట్టుకుని అటూ ఇటూ తిప్పనివ్వండి. ఈ ప్రయాణాలు కథ మొదలుపెట్టక ముందు వద్దు, ఆ మాటలు రెండు మూడు భాగాల్లో వినబడ్డాక పెట్టుకోండి. ముందే చూపిస్తే అది పిక్నిక్కు, తర్వాత చూపిస్తే ‘ఓ, ఇదా అది!’

గొంతు విషయం. రాక్షసుడికి అరవక్కర్లేదు, గొంతు తగ్గించి నెమ్మదిగా చదివితే ఎక్కువ భయపెడుతుంది. అపార్ట్‌మెంటులో పక్కవాళ్ళకూ మంచిది. యాస గురించి మాత్రం ఒక హెచ్చరిక. చదివి వినిపించేవాళ్ళు సరదాకి భటుడికో తెలివితక్కువ రాక్షసుడికో మన చిత్తూరు యాస పెట్టి ‘యాడికి బోతావురా’ అనిపిస్తారు, హీరో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడతాడు. పిల్లలకు రెండు భాగాలయ్యేసరికి అర్థమైపోతుంది, మన ఇంట్లో మాట్లాడేది బుద్ధిలేనివాళ్ళ భాష అని. పెడితే సమరసేనుడికే పెట్టండి. ‘ఆ కొండ మింద ఏముండాదో చూసొస్తా’ అని సేనాధిపతి అంటే పాప పడీ పడీ నవ్వుతుంది, తర్వాత అలవాటు పడుతుంది. లేదంటే ఎవరికీ పెట్టకండి.

మీరు అడగలేదు కానీ ఈసారి చదివినప్పుడు మీకు గుచ్చుకునే ఉంటుంది. ఆనాటి సాహస కథలన్నిట్లో ఉన్నట్టే వీటిలోనూ అడవి మనుషులంటే ఈటెలు పట్టుకుని గంతులేసేవాళ్ళు, బలులిచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు తక్కువ, ఉన్నా ఎవరో ఒకరు వచ్చి విడిపించాల్సినవాళ్ళే. ఆ పేజీలు దాటెయ్యమని కొందరు సలహా ఇస్తారు. నేనివ్వను. బొమ్మ కళ్ళ ముందే ఉంటుంది, దాటేస్తే ‘ఎందుకు దాటేశావు?’ అని పాప అడుగుతుంది. మీ జిల్లాలో యానాది పిల్లలు పాప తరగతిలోనే ఉండవచ్చు. చదవండి, చదివి ఒక్క ప్రశ్న వెయ్యండి: ‘ఈ అడవి వీళ్ళది కదా, చెప్పాపెట్టకుండా కత్తులతో వచ్చింది ఎవరు?’ అంతకుమించి ఉపన్యాసం వద్దు. ఆ రోజు డబ్బాలో పడే చీటీ వేరేగా ఉంటుంది.

ఇప్పుడు కాగితం సంగతి. చవక రకం కాగితంలో కలప గుజ్జులోని లిగ్నిన్ అలాగే ఉండిపోతుంది. ఎండకూ గాలికీ అది ఆమ్లంగా మారి కాగితాన్ని గోధుమరంగు చేసి పెళుసెక్కిస్తుంది. వెనక్కి మామూలుగా చెయ్యడం ఇంట్లో అయ్యే పని కాదు. కాబట్టి మొదటి సూత్రం, పాపకు చదివి వినిపించడానికి అసలు బైండు వాడకండి. ఒక నకలు తీసుకోండి. బైండుని పూర్తిగా పరిచి జిరాక్సు మిషను మీద అదిమితే వెన్ను పగులుతుంది, పేజీలు లోపలి అంచు దగ్గర తెగుతాయి. సెల్‌ఫోనే మేలు. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. బైండుని సగమే, లంబకోణానికి కాస్త మించి తెరిచి, లేచిన అట్ట వెనక లావుపాటి పుస్తకాలు దన్నుగా పెట్టండి. ముందు కుడి పేజీలన్నీ వరసగా తీసెయ్యండి, తర్వాత బైండుని తిప్పి పెట్టి ఎడమ పేజీలన్నీ. ఒక్కోటీ మార్చి మార్చి తీస్తే ప్రతిసారీ ఫోను కోణం మారి అక్షరాలు వంకరపోతాయి. పేజీని కొస పట్టి ఎత్తకండి, పోస్టుకార్డు లాంటి పలచటి అట్టను కిందకి జొనిపి మొత్తంగా తిప్పండి. పేజీలను కలిపి కుట్టిన బైండులో లోపలి వరస అక్షరాలు కుట్టులోకి పోయుంటాయి. వాటికోసం లాగకండి, ఆ రెండక్షరాలు మీకే తెలుస్తాయి. ప్రింటు మామూలు కాగితం కన్నా కాస్త మందంగా, 90 జీఎస్‌ఎం మీద వేయిస్తే వెనక బొమ్మ ముందుకి కనబడదు. స్పైరల్ వేయించండి, పాప ఒళ్ళో పెట్టుకున్నా మూసుకుపోదు.

చిరుగులకు సెల్లోటేప్ వాడితే కొన్నేళ్ళకు జిగురు పసుపురంగు మరకగా దిగబడుతుంది, టేపు ఊడిపోతుంది, మరక ఉండిపోతుంది. ఫెవికాల్ వేస్తే మళ్ళీ విప్పలేం. లామినేషన్ మాటే వద్దు. ఒక వంతు మైదా, ఐదారు వంతుల నీళ్ళు కలిపి సన్నటి సెగ మీద గాజులా మెరిసేదాకా కలియబెట్టి, చల్లారాక పలచన చేసి, చిరుగు మీద సన్నని టిష్యూ ముక్కను అంటించండి. పైనా కిందా బటర్ పేపర్ పెట్టి బరువు కింద ఒక రాత్రి ఉంచాలి. పాతకాలపు బైండర్లు పురుగు పట్టకుండా ఈ జిగురులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పైగా అందులోని రాగి కాగితాన్ని తినేస్తుంది, మీరు కలపొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీవైపు వానలు కదా, ఆ రోజుల్లో జిగురు పనులు పెట్టుకుంటే తడి ఆరక బూజు పడుతుంది. సంక్రాంతి దాటాక చెయ్యండి. పాత గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు ఉంటే వెనకనుంచి కాళ్ళు నిటారుగా విప్పి తీసెయ్యండి. తుప్పు పట్టినచోటే కాగితం ముందు చిల్లు పడుతుంది.

ఆ పందెం చీటీలు మాత్రం దాచాలనిపించి పాత బైండు మధ్యలో పెట్టకండి. వెన్ను ఉబ్బుతుంది, నోటుపుస్తకం ఇంకు తడికి ఎదుటి పేజీకి అంటుకుంటుంది. స్పైరల్ నకలు చివర ఒక కవరు అంటించి, ఏ భాగం చీటీ అన్నది మీద రాసి, అందులో వెయ్యండి.